పాల వ్యాను దారిని కంప్యూటరు వేయునప్పుడు

రూట్లు కంప్యూటరు వేస్తే ఇక మన మాట ఎవరు వింటారని కొందరు కార్యదర్శులు మమ్ములను అడుగుతున్నారు. ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం.

పది గ్రామాలను వ్యాను 36,28,800 వరుసలలో తిరగవచ్చును. అన్నీ కాగితంపై సరిచూచుట మన తరం కాదు. పెట్రోలు లారీల కొరకు 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ అనువారు ఈ లెక్కకు దారి చూపినారు. 1964లో క్లార్క్, రైట్ సులువు చేసినారు: రెండు ఊళ్ళకు విడివిడిగా పోయివచ్చుటకు బదులు ఒకే తిరుగులో కలిపితే ఎన్ని కిలోమీటర్లు మిగులునో చూచి, ఎక్కువ మిగిలే జంటను ముందు కలపవలెను. క్యాన్లు మాత్రం వ్యాను పట్టుకు మించరాదు.

అయితే పాలు పెట్రోలు కావు. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. దారి దగ్గరైనా వేళ తప్పితే పాలు విరుగుతాయి.

ఒక రూటులో మేము తనిఖీ చేసినాము. ఒక సంఘం రిజిస్టరులో సేకరణ ముగింపు 6-30, నిజానికి 7-15. వ్యాను ముప్పావుగంట అక్కడే నిలిచేది. విరిగినవి మాత్రం ముందు ఊరి పాలు! ఆ ఊరి రైతులు ఏ తప్పూ చేయకుండానే ధర పోగొట్టుకొన్నారు.

కంప్యూటరుకు తెలిసేది మనం వ్రాసిన వేళలే. కనుక మొదటి క్యాను నిండిన వేళ, తూకం ముగిసిన వేళ, వానకు మునిగే వాగుదారి ఉన్నవి ఉన్నట్లు పంపవలెను. గేదెలు ఈనిన కాలంలో క్యాన్ల సంఖ్య కూడా మార్చి వ్రాయవలెను.