మావయ్య ఎయిర్ రైఫిల్‌లో బగ్

మా మావయ్యకి ఒక ఎయిర్ రైఫిల్ ఉంది. గొట్టం విరిచి స్ప్రింగ్ ఎక్కించే రకం, పైన స్కోప్. తణుకు దగ్గర వాళ్ళింటి వెనక కొబ్బరి చెట్ల మధ్య, 20 మీటర్ల దూరంలో ఒక మట్టి గుట్ట, దాని ముందు పాత పేపర్లు కుక్కిన చెక్క పెట్టె, పెట్టె మీద కాగితం టార్గెట్. పిట్టల జోలికి పోడు. ఆదివారం పొద్దున్న కాగితంతోనే ఆయన పని.

సంక్రాంతికి వెళ్తే "గురి నిలవట్లేదురా" అన్నాడు. పొద్దున్న సరిగ్గా మధ్యలో పడిన పెల్లెట్, యాభై షాట్లయ్యేసరికి రెండు వేళ్ళు కిందకి పడుతోంది. స్కోప్ తిప్పి సరిచేస్తే కాసేపు బాగుంటుంది, మళ్ళీ జారుతుంది. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మావయ్యా, కళ్ళు చూపించుకో. చెయ్యి కూడా కొంచెం వణుకుతోంది" అన్నా. ఆయన ఏం మాట్లాడలేదు. రైఫిల్‌ని గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. వేసవి సెలవుల దాకా దించలేదని తర్వాత అత్తయ్య చెప్పింది.

వేసవిలో వెళ్ళినప్పుడు పాత టార్గెట్ కాగితాలు చూశా. తేదీలు వేసి, క్లిప్పు పెట్టి దాచుకున్నాడు. అవి చూశాక సిగ్గేసింది. ప్రతి కాగితం మీదా ఐదేసి రంధ్రాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, కానీ ఆ గుంపు మొత్తం కిందకి నడుస్తోంది. చెయ్యి వణికితే రంధ్రాలు చెల్లాచెదురవుతాయి గానీ కట్టకట్టుకుని ఒకే వైపు పోవు. రెండు బగ్‌లూ వేరు. డేటా అక్కడే ఉంది, నేనే చూడలేదు.

జీరో అంటే మనకి అర్రే మొదలయ్యే చోటు. వీళ్ళకి మాత్రం, ఒక దూరంలో మనం చూసే చోటూ పెల్లెట్ తగిలే చోటూ ఒకటవ్వడం. మావయ్య "గురి" అంటాడు, నాకు ఆ మాటే నచ్చింది. అది తప్పినప్పుడు అందరం చేసే పొరపాటు ఒకటే. ప్రతి షాట్‌కీ స్కోప్ మీది గుబ్బ తిప్పుతాం. ల్యాబ్‌లో ఎర్రర్ వస్తే మూడు లైన్లు మార్చి రన్ కొట్టినట్టే అది. అందుకే ముందు గుబ్బలు ముట్టుకోకూడదని రూల్ పెట్టుకున్నాం. ఒకసారికి ఒకటే మార్పు, మార్చిన ప్రతిసారీ ఐదు షాట్లు.

రైఫిల్ ఖాళీగా ఉందని, స్ప్రింగ్ ఎక్కించి లేదని చూసుకున్నాక స్క్రూలు పట్టుకున్నాం. చెక్కని గొట్టానికి పట్టి ఉంచే స్క్రూల్లో రెండు వదులు. బిగించాం. కొంచెం నయం, అంతే.

తర్వాత అత్తయ్య నెయిల్ పాలిష్ అడిగి, స్కోప్‌ని పట్టుకునే మౌంట్ మీద నుంచి కింది పట్టా మీదకి సన్నగా ఒక గీత గీశా. రైఫిల్‌ని మెత్తని సంచి మీద ఆనించి ఈసారి నేనే ఇరవై కొట్టా. నా కళ్ళతో కొట్టినా గురి కిందకే దిగింది. గీత రెండు ముక్కలైంది, మౌంట్ మిల్లీమీటరున్నర వెనక్కి జరిగింది!

స్ప్రింగ్ రైఫిల్‌కి ఇది మామూలు జబ్బేనట. పిస్టన్ ముందుకి దూకగానే రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర ఆగగానే రైఫిల్ ముందుకి గుంజుకుంటుంది. రైఫిల్ ముందుకి పోతే స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే పట్టా మీద వెనక్కి జారుతుంది. దీన్ని ఆపడానికే మౌంట్ అడుగున చిన్న పిన్ను, పట్టాలో దానికో రంధ్రం ఉంటాయి. మావయ్య మౌంట్‌లో పిన్ను ఉంది, రంధ్రంలోకి దించలేదు. బిగించి ఇచ్చినవాళ్ళు మర్చిపోయారు. పట్టాకి అంటిన నూనె స్పిరిట్‌తో తుడిచి, పిన్ను దించి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. మరీ బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

జారుడు సగానికి తగ్గింది. మిగిలిన సగం ఎక్కడ?

స్కోప్ లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. పై గుబ్బ తిప్పితే మర దాన్ని నొక్కుతుంది, ఎదురుగా ఒక స్ప్రింగ్ దాన్ని మర మీదకి ఒత్తి పెడుతుంది. గురి పైకి తెచ్చే వైపు తిప్పేకొద్దీ మర వెనక్కి వస్తుంది, స్ప్రింగ్ సాగి పట్టు తగ్గుతుంది. మావయ్య స్కోప్‌లో ఆ వైపు ఇంకా ఆరు క్లిక్కులే మిగిలాయి. విరిచే రైఫిళ్ళలో గొట్టం ముక్కు తరచూ కాస్త కిందకి వాలి ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ఆయన పైకి తిప్పీ తిప్పీ చివరికి చేరాడు. అక్కడ స్ప్రింగ్‌కి బలం లేదు, ప్రతి తన్నుకీ చిన్న గొట్టం కాస్త కదులుతోంది.

మందు: వెనక రింగులో స్కోప్ కింద పల్చని ముక్క పెట్టి తోక లేపడం. మావయ్యకి ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. ఎవరిదో పెళ్ళి నెగటివ్ నుంచి రెండు ముక్కలు కోశాడు. ఫిల్మ్ మందం సుమారు 0.13 మి.మీ., రెండూ కలిపి 0.26. రింగుల మధ్య 100 మి.మీ. అయితే 20 మీటర్ల దగ్గర 52 మి.మీ. తేడా. ఈ స్కోప్‌కి ఒక క్లిక్ అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 7.3 మి.మీ., మా 20 మీటర్లకి 1.45. అంటే 36 క్లిక్కులు కిందకి దించుకోవచ్చు. ఇంటర్ ట్రిగనామెట్రీ జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

ఆ తర్వాత ఇంకో పరీక్ష: ఐదు షాట్లు, 20 క్లిక్కులు పైకి, ఐదు; 20 కుడికి, ఐదు; 20 కిందకి, ఐదు; 20 ఎడమకి, ఐదు. చివరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. పడింది. పడకపోతే లోపలే విరిగినట్టు, స్ప్రింగ్ రైఫిల్ కోసం చేసిన వేరే స్కోప్ కొనాల్సిందే.

అరవై షాట్లు అయ్యాక కూడా నెయిల్ పాలిష్ గీత ముక్కలవ్వలేదు. మావయ్య కొట్టిన ఆఖరి ఐదూ ఐదు రూపాయల బిళ్ళ కింద దాగిపోయాయి. నేను కొట్టినవి దాగలేదు, ఆ సంగతి వదిలేయండి.

సారీ ఎలా చెప్పాలో తెలీక అటూ ఇటూ తిరుగుతుంటే ఆయనే అన్నాడు, "నువ్వు చెప్పాక కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళానురా. నంబర్ ఏం మారలేదంట."

"మరి చెప్పలేదేం మావయ్యా?"

"చదువుకున్నోడివి, చెయ్యి అన్నావు కదా. చెయ్యే అనుకున్నా."