పొయ్యి చవకే.. మరి గుళికల సంగతి?

అమెరికాలో సెలవు రోజు వచ్చిందంటే పెరట్లో పొయ్యి వెలిగించడం, మాంసం కాల్చుకుని నలుగురూ కూడి తినడం ఆనవాయితీ. ఎక్కువ ఇళ్లల్లో ఈ పొయ్యి గ్యాసుది. ఆ తర్వాత బొగ్గుది. వీటి మధ్యకు చెక్కపొట్టు గుళికలతో మండే పొయ్యి ఒకటి వచ్చింది. దాన్ని అక్కడ పెల్లెట్ గ్రిల్లు అంటారు. ఒకప్పుడు డబ్బున్నవాళ్లే కొనేవాళ్లు. ఇప్పుడు చవక రకాలు వచ్చాయి. మరి మామూలు జనం గ్యాసును వదిలి దీనికి మారతారా?

అమెరికా వాళ్ల పెరటి పొయ్యితో మనకేం పని అనుకోకండి. మన వేరుశనగ పొట్టు, పత్తి కట్టె, చెరకు పిప్పి కూడా గుళికలవుతాయి. గుళికల పొయ్యి కొనమనీ, గుళికల మిషను పెట్టమనీ చెప్పేవాళ్లు మన ఊళ్లకూ వస్తారు. అప్పుడు వాళ్లను ఏం అడగాలో ఈ పాఠంలో చూద్దాం.

గుళిక అంటే ఏమిటి?

గుళికలు అనగానే పొలంలో చల్లే మందు గుళికలు గుర్తుకొస్తాయి. ఇవి అవి కావు. చూడటానికి పశువుల దాణా గుళికల్లా ఉంటాయి. రంపపు పొట్టును ఆరబెట్టి, మిషనులో గట్టిగా అదిమి, సన్నని రంధ్రాల గుండా బయటకు తోస్తారు. లావు సుమారు 6 మిల్లీమీటర్లు. ఆ ఒత్తిడికి పుట్టే వేడికి చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది. అందుకే సాధారణంగా వేరే జిగురు కలపనక్కర లేదు.

పొయ్యి పనిచేసే తీరు

పొయ్యి పక్కన ఒక తొట్టి ఉంటుంది. గుళికలు అందులో పోస్తారు. తొట్టి అడుగున కరెంటు మోటారుతో తిరిగే మర కొద్దికొద్దిగా గుళికల్ని నిప్పు గిన్నెలోకి నెడుతుంది. కరెంటు కడ్డీ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది. చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. ఎంత వేడి కావాలో మీట తిప్పి పెడితే చాలు, మంటను అదే చూసుకుంటుంది. సన్నని సెగ మీద గంటకు సుమారు అర కిలో గుళికలు కాలతాయి. సెగ పెంచితే కిలో దాటుతుంది.

చవక ఎలా అయింది?

1985లో ఆరిగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ అనే ఆయన ఈ పొయ్యి తయారుచేశాడు. తర్వాత దానికి పేటెంటు వచ్చింది. అంటే గడువు తీరేదాకా ఇంకొకరు ఆ పద్ధతిలో చేయడానికి వీల్లేదు. 2006లో ఆ గడువు తీరింది. ఆ తర్వాత చాలా కంపెనీలు బరిలోకి దిగాయి. పోటీతో ధరలు దిగి, 300 నుంచి 500 డాలర్లకు దొరికే రకాలు కూడా వచ్చాయి.

జనం మారతారా?

మెచ్చుకునేవాళ్లకు కారణాలున్నాయి. పక్కన కూర్చుని మంట ఎగదోసే పని లేదు. గంటల తరబడి నిదానంగా ఉడికే మాంసానికి కట్టె పొగ వాసన పడుతుంది. చెయ్యి తిరగనివాళ్లకు కూడా వంట కుదురుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కరెంటు లేకపోతే పొయ్యి లేదు. గుళికలకు తడి తగిలితే ఉబ్బి పొడి అవుతాయి, ఆ పొడి మరలో ఇరుక్కుంటుంది. చాలా చవక రకాల్లో వేడి 250 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. బొగ్గు మీద కాలినట్టు పైన చురుక్కున కాలదు. అన్నిటికంటే ముఖ్యం, అందులో గుళికలు తప్ప ఇంకేమీ కాలవు. వాటిని కొంటూనే ఉండాలి.

కనుక తేలేదేమిటంటే, చవక ధర జనాన్ని కొట్టు దాకా తెస్తుంది. రుచి కోసం కొందరు దీన్ని రెండో పొయ్యిగా పెట్టుకుంటారు. కానీ రోజూ వాడే గ్యాసును పక్కన పెట్టించాలంటే పొయ్యి ధర ఒక్కటే తగ్గితే చాలదు. ఏనుగును కొనడం కాదు, మేపడం చూడాలి కదా!

మన దేశంలో జరిగింది

ఈ పాఠం మన దగ్గర ఇదివరకే ఒకసారి జరిగింది. 2006లో 'ఊర్జా' అనే గుళికల పొయ్యి వచ్చింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ల పరిజ్ఞానంతో బీపీ కంపెనీ దాన్ని అమ్మింది. పొగ తక్కువ. చిన్న బ్యాటరీ ఫ్యాను ఉండేది. వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలే అందులో ఇంధనం. సుమారు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయాయి. తర్వాత ముడిసరుకు ప్రియమై గుళికల ధర పెరిగింది. పొయ్యి బాగున్నా ఇళ్లల్లో వాడకం తగ్గిపోయింది. చేనుగట్టున ఊరికే దొరికే కట్టెలు అందులో కాలవు మరి! కంపెనీ చేతులు మారింది, అమ్మకాలు హోటళ్లు, పెద్ద వంటశాలల వైపు మళ్లాయి.

కొనేముందు ఈ లెక్క వేయండి

గ్యాసులో కిలోకు సుమారు 10,900 కిలో కేలరీల వేడి ఉంటుంది. అందులో నూటికి 60 పాళ్లు గిన్నెకు చేరుతుందనుకుందాం. గుళికల్లో కిలోకు సుమారు 4,000. మంచి ఫ్యాను పొయ్యిలో నూటికి 35 పాళ్లు చేరుతుంది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండరు చేసే వంటకు సుమారు 66 కిలోల గుళికలు కావాలి. కిలో 10 రూపాయలైతే 660, కిలో 15 అయితే 990 రూపాయలు. మీకు సిలిండరు ఎంతకు పడుతోందో దాని పక్కన పెట్టి చూసుకోండి. కట్టెలు మీ పొలంలోనే దొరుకుతుంటే ఆ లెక్క కూడా వేయండి.

మిషను పెట్టాలనుకుంటే..

* ముడిసరుకు ఏడాది పొడుగునా దొరకాలి. వేరుశనగ పొట్టు పంట చేతికొచ్చిన నెలల్లోనే దండిగా ఉంటుంది. మిగతా నెలలకు నిల్వ చేయడానికి షెడ్డు ఉందా?
* పొట్టు, ఊక ఇప్పటికే బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతున్నాయి. మీరు కొనడం మొదలుపెడితే ధర పెరుగుతుంది.
* తేమ నూటికి 10 పాళ్ల దగ్గర ఉండాలి. ఎక్కువైతే గుళిక నిలవదు.
* వరి ఊకలో బూడిద నూటికి 20 పాళ్ల దాకా ఉంటుంది. ఇంటి పొయ్యిలో గిన్నె త్వరగా నిండిపోతుంది.
* వేరుశనగ కట్టె పశువులకు మేత. దాన్ని గుళికలకు అమ్మేసి ఎండాకాలంలో మేత కొనుక్కుంటే నష్టం మనకే.
* బొగ్గుతో పాటు గుళికలు కూడా కాల్చాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ కేంద్రాలకు చెప్పింది. గిరాకీ ఉన్న మాట నిజమే. కానీ మీ సరుకు ఎవరు కొంటారో, ఎన్ని రోజులకు డబ్బిస్తారో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే అప్పు చేయండి.

పొయ్యి అమ్మేవాడు పొయ్యి ధర చెబుతాడు. మిషను అమ్మేవాడు మిషను ధర చెబుతాడు. రైతు మాత్రం రెండు ప్రశ్నలు అడగాలి. వచ్చే ఏడాది ఈ గుళికలు ఎక్కడ దొరుకుతాయి, ఎంతకు దొరుకుతాయి? జవాబు సరిగ్గా రాకపోతే ఆ పొయ్యి చవకది కాదు. బాగా ఆలోచించుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.