షుగర్ రిపోర్టు రేపు ఇస్తామంటే...



మూడు నెలల షుగర్ పరీక్ష, అనగా హెచ్‌బిఎవన్‌సి, చేయించుకున్న వారికి ఒక్కొక్కసారి ల్యాబు వారు "గీత సరిగా లేదు, రిపోర్టు రేపు" అని చెబుతారు. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ నుండి షూటింగు మానుకొని వచ్చిన వారికి ఇది కోపం తెప్పించే మాటే. సంగతి ఏమిటో తెలిస్తే మీరే రేపటి వరకు ఆగుతారు.

చాలా రిపోర్టులపై హెచ్‌పిఎల్‌సి పద్ధతి అని ఉంటుంది. ఈ మిషనులో పంపు మీ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను కాలమ్ అనే సన్నని గొట్టం గుండా తోస్తుంది. దానితోపాటు పంపే ఉప్పు ద్రావణం గాఢతను క్రమంగా పెంచుతారు. దీనినే గ్రేడియంట్ అంటారు. చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ ముందు బయటకు వస్తుంది, మామూలుది తరువాత. చివరనున్న దీపం 415 నానోమీటర్ల కాంతితో వాటిని చూడగా, కొండల్లాంటి గీత పడుతుంది. చిన్న కొండను మొత్తంతో పోల్చగా వచ్చేదే మీ 7 శాతమో 9 శాతమో.

కొండను కొలవాలంటే కింద నేల చదునుగా ఉండాలి కదా! ఆ నేల గీతే బేస్‌లైన్. అది ఎక్కుతూనో దిగుతూనో పోతే డ్రిఫ్ట్ అంటారు. జూబ్లీహిల్స్‌లో గోడ ఎత్తు చెప్పాలంటే ఏ పక్క రోడ్డు నుండి కొలిచారని అడగవలసినట్లే. పెద్ద కొండకు నష్టం తక్కువ. చిన్న కొండకే, అంటే షుగర్ అంకెకే, దెబ్బ. ఏడు ఉన్నది ఎనిమిదిగా పడితే ఇన్సులిన్ పెరుగుతుంది. రాత్రి షూటింగులో ఎత్తున లైటు దగ్గర కూర్చున్న మనిషికి షుగర్ పడిపోయి, వణుకు పుట్టి కళ్ళు తిరిగితే?

కారణం వెతకడానికి ముందు రక్తం లేకుండా ద్రావణాలనే అదే క్రమంలో పంపుతారు. అప్పుడూ గీత ఎక్కితే తప్పు రక్తంలో లేదు. ప్రతిసారీ ఒకే తీరుగా ఎక్కితే ద్రావణాలను అనుమానించాలి. ఒకటి కాంతిని ఎక్కువ పీల్చుకుంటే, దాని పాలు పెరిగేకొద్దీ గీతా పెరుగుతుంది. సీసాలు మార్చి చూస్తారు. గాఢత మార్చకపోయినా గీత జారుతుంటే దీపం పాతబడిందో, ఇంకా వేడెక్కలేదో, గది వేడి మారుతోందో చూడాలి. వేసవిలో ఏసీ ఆగితే ఈ బాధ వస్తుంది. గాలి బుడగలైతే సాధారణంగా గీత ముళ్ళలాగా ఎగురుతుంది.

సరిచేశాక, విలువ ముందే తెలిసిన కంట్రోల్ నమూనా నడిపి, అంకె సరిపోయిన తరువాతే మీ రక్తం మళ్ళీ పెడతారు. ఫ్రిజ్‌లో ఉంచిన రక్తం ఈ పరీక్షకు కొన్ని రోజులు పనికివస్తుంది గనుక చాలాసార్లు రెండో సూది ఉండదు.

గీత చక్కగా ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, రక్తహీనత, తలసేమియా, సికిల్ సెల్ ఉన్నా అంకె తప్పుదారి పట్టించవచ్చు. ముందే సిస్టరుకు చెప్పండి. ఇంటి గ్లూకోమీటరు లెక్కకూ రిపోర్టుకూ పొంతన కుదరకపోతే, మందు మీరే మార్చుకోకుండా లెక్కల పుస్తకం వెంట తీసుకొని రండి. పరగడుపున రానవసరం లేదు.