ట్రాక్టరు లిఫ్టులో ఆయిలు లీకు: సాళ్లలో కనిపించే లక్షణాలు, మరమ్మతు విధానం

వేరుశనగ చేలో మొలక సమంగా రాలేదన్నప్పుడు విస్తరణ శాస్త్రవేత్త దృష్టి మొదట విత్తన నాణ్యత మీదకు, ఆ తరువాత నేలలోని పదును మీదకు, చివరకు పురుగులు, తెగుళ్ల మీదకు మళ్లుతుంది. ఈ క్రమం సరైనదే. అయితే ట్రాక్టరుతో విత్తిన చేలో మరొక పరీక్ష మిగిలే ఉంటుంది. ఏదో ఒక సాలు మాత్రమే ఆ చివర నుంచి ఈ చివర వరకు పలుచగా ఉంటే లోపం ఆ సాలుకు విత్తనం అందించే గొట్టంలోనో, దాని కర్రులోనో ఉన్నట్లు భావించవచ్చు. అలా కాక అన్ని సాళ్లూ ఒకే చోట పలుచబడి, కొంత దూరం పోయాక అన్నీ ఒకేసారి బాగుపడి, మళ్లీ పలుచబడుతూ అలల వలె కనిపిస్తే, విత్తనాన్ని నిందించే ముందు ట్రాక్టరు వెనుక ఉన్న హైడ్రాలిక్ లిఫ్టును పరిశీలించడం అవసరం.

పనిముట్టును మూడు బిందువుల వద్ద తగిలించి, ఆయిలు పీడనంతో లేపి దించే ఈ పద్ధతి ఐరిష్ ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ కృషి ఫలితం. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్, 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ల ద్వారా అది రైతులకు చేరింది. నేటి ట్రాక్టర్లలో చాలా వాటికి లిఫ్టు సిలిండరు వెనుక భాగంలోని హౌసింగు లోపలే అమరి ఉంటుంది. పంపు నుంచి వచ్చిన ఆయిలు పిస్టన్‌ను ఒకే దిశలో నెడుతుంది. దిగడం మాత్రం పనిముట్టు బరువుతోనే జరుగుతుంది. 75 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలిండరులో పీడనం చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు ఉంటే పిస్టన్ మీద సుమారు 6,600 కిలోల బలం పనిచేస్తుంది. ఇంత బలాన్ని నిలబెట్టేది ఒక రబ్బరు ఓ-రింగు, దానికి ఆనుకొని ఉండే బ్యాక్-అప్ రింగు. ఈ జంట అరిగితే ఆయిలు పిస్టన్ పక్కనుంచి జారి తిరిగి హౌసింగులోకే పడుతుంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. ‘ఎక్కడా కారడం లేదు’ అనే రైతు మాట నిజమే అయినా లోపల లీకు లేదనడానికి అది సాక్ష్యం కాదు.

పనిముట్టును నిర్ణీత ఎత్తులో నిలిపే పొజిషన్ కంట్రోల్‌లో ఈ లీకు ఒక విచిత్రమైన ఊగిసలాటను పుట్టిస్తుంది. ఆయిలు జారిన కొద్దీ పనిముట్టు దిగుతుంది. కొంత దిగాక కంట్రోల్ వాల్వు తెరుచుకొని దానిని మళ్లీ లేపుతుంది. ట్రాక్టరు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ, పది సెకన్లకొకసారి ఇలా జరిగితే చేలో ప్రతి 11 మీటర్లకు ఒక అల ఏర్పడుతుంది. సుమారు 5 సెంటీమీటర్ల లోతున పడవలసిన వేరుశనగ గింజ ఒక చోట మరీ లోతుగా, మరొక చోట పొడి మట్టిలో పైపైన పడుతుంది. లోతు చక్రాల మీద భారం మోపి నడిచే విత్తన గొర్రుకు ఈ బెడద ఉండదని గుర్తుంచుకోవాలి. అటువంటి గొర్రుతో విత్తిన చేలో లోతు తేడాకు లిఫ్టును కారణంగా చూపడం తప్పు.

లోపం ఎక్కడ ఉన్నదో తేల్చకుండా హౌసింగు విప్పడం తగదు. ముందుగా ట్రాక్టరును సమతలంపై నిలిపి కొలత పుల్లతో ఆయిలు మట్టం చూడాలి. ఆయిలు నిండుగా ఉన్నా లిఫ్టు నెమ్మదిగా లేస్తుంటే ఫిల్టరు, పంపు, రిలీఫ్ వాల్వులను అనుమానించాలి. బాగా లేచి, ఇంజను ఆపగానే దిగిపోతుంటే సిలిండరు లేదా కంట్రోల్ వాల్వు వైపు లోపం ఉన్నట్లు. దించే వేగాన్ని నియంత్రించే నాబును పూర్తిగా మూస్తే లిఫ్టు బిగిసి నిలిచే ఏర్పాటు కొన్ని ట్రాక్టర్లలో ఉంది. అలా మూసిన తరువాత పనిముట్టు కదలకుంటే లోపం కంట్రోల్ వాల్వులో, మూసినా దిగుతుంటే పిస్టన్ సీలులో ఉంటుంది. ఉదయం బాగా లేచి, ఆయిలు వేడెక్కాక మొండికేసే లిఫ్టులో సాధారణంగా భాగాల అరుగుదల ఉంటుంది. వేడికి పలుచబడిన ఆయిలు సన్నని సందుల్లోంచి సులభంగా జారిపోతుంది. ఆయిలు నురగ కడుతుంటే పంపు పీల్చే వైపు గొట్టంలో గాలి చొరబడుతున్నదని గ్రహించాలి. ఆ వైపు లీకు ఆయిలును బయటకు వదలదు, గాలిని లోపలికి లాగుతుంది.

బయటి గొట్టాల్లో, ట్రాలీ జాకీల్లో లీకు కంటికి కనిపిస్తుంది కనుక దానిని తేలికగా తీసుకోవడం పరిపాటి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, ఎనిమిది గంటల పనిలో దాదాపు లీటరున్నర ఆయిలు చేలో కలుస్తుంది.

మరమ్మతులో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే అంశం పాత సీలు. మెకానిక్కు దానిని తీసి పారవేసి కొత్తది వేస్తాడు. మరుసటి పంటకాలానికి లిఫ్టు మళ్లీ దిగుతుంది. నిజానికి పాత ఓ-రింగే లోపాన్ని చెప్పే సాక్షి. దాని అంచు కొరికినట్లు తునకలై ఉంటే బ్యాక్-అప్ రింగు లేకపోవడమో, సిలిండరు సందు పెరగడమో, పీడనం మితిమీరడమో కారణం. గట్టిపడి పగుళ్లు బారితే అధిక వేడి. ఉబ్బి మెత్తబడితే ఆయిలుకు తగని రబ్బరు. సహజ రబ్బరు ఖనిజ తైలంలో ఉబ్బుతుంది కాబట్టి నైట్రైల్ రబ్బరు సీలే వాడాలి. పరిమాణం సరిపోయినంత మాత్రాన ఏ రబ్బరైనా పనికిరాదు. రింగు మీద గీతలు ఉంటే ఆయిలులో మట్టి చేరిందనో, సిలిండరు గోడ గీసుకుపోయిందనో అర్థం. గీసుకుపోయిన గోడ మీద ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు. గోలుకు గీత తగులుతుంటే సిలిండరును బాగుచేయించడమో మార్చడమో తప్పదు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లకు నీటి బెడద అదనం. బురద నీటిలో గంటల తరబడి తిరిగినప్పుడు అరిగిన ఇరుసు సీళ్ల ద్వారా నీరు హౌసింగులో చేరి ఆయిలు పాలవలె తెల్లబడుతుంది. గాజు సీసాలో కొంత ఆయిలు పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున నీరు తేరవచ్చు. తేరకపోయినా తెల్లదనమే తగిన ఆధారం. అటువంటి ఆయిలును పూర్తిగా మార్చి, నీరు చొరబడిన దారిని మూసిన తరువాతే లిఫ్టు సీలు సంగతి చూడాలి.

విప్పే ముందు పనిముట్టును పూర్తిగా నేలకు దించి, ఇంజను ఆపి, లివరును పైకీ కిందికీ కదిపి మిగిలిన పీడనాన్ని వదలాలి. హౌసింగు పైభాగాన్ని నీటితో కడిగి ఆరనివ్వాలి. లిఫ్టు కవరు బరువైనది. చైన్ బ్లాక్ లేకుండా చేతులతో ఎత్తరాదు. కొత్త సీలును శుభ్రమైన ఆయిలులో తడిపి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. పీడనం వచ్చే వైపు ఓ-రింగు, దాని వెనుక బ్యాక్-అప్ రింగు ఉండాలి. ఈ వరుస తారుమారు కావడం సర్వసాధారణమైన పొరపాటు. బరువు లేవడం లేదని రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు చేర్చడం ఎన్నడూ చేయరాదు; అది లోపాన్ని కొద్దికాలం కప్పి, గొట్టాలనూ పంపునూ పాడుచేస్తుంది.

లేపిన పనిముట్టు కిందికి, లేపిన ట్రాలీ కిందికి గట్టి ఆధారం లేకుండా ఎవరూ దూరరాదు. గొట్టంలో సన్నని లీకును వేలితో తడిమి వెతకడం మరింత ప్రమాదకరం. ఆ పీడనంలో వెలువడే ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం గుండుసూది గుచ్చినంతే కనిపించినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర పరిస్థితి, ఆలస్యమైతే వేలు పోవచ్చు. లీకును అట్టముక్క అడ్డుపెట్టి కనిపెట్టాలి.

బిగించిన తరువాత సూచించిన ఆయిలును మట్టం వరకు నింపి, బరువు లేకుండా పలుమార్లు లేపి దించి గాలిని వెళ్లగొట్టాలి. అటుపై పనిముట్టు తగిలించి పూర్తిగా లేపి, నేల నుంచి దాని ఎత్తు కొలిచి, ఇంజను ఆపి, పది నిమిషాల తరువాత మళ్లీ కొలవాలి. విప్పే ముందు కూడా ఇదే కొలత తీసుకొని ఉంటే మరమ్మతు ఎంతవరకు ఫలించిందో అంకెల్లో తెలుస్తుంది. చివరి పరీక్ష చేలోనే జరగాలి. విత్తడం మొదలుపెట్టిన వెంటనే ఒక సాలు వెంట 20 మీటర్ల మేర, మీటరుకొక చోట మట్టి జాగ్రత్తగా తొలగించి గింజ పడిన లోతును స్కేలుతో కొలిచి వరుసగా రాసుకోవాలి.