ముట్లుడిగిన పిమ్మట రొమ్ము క్యాన్సరు – ఐదేండ్ల మాత్ర

రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగి, అవసరమైనవారికి సూదిమందులు, కిరణచికిత్స కూడ ముగిసిన తరువాత, ఎందరో స్త్రీలకు వైద్యులు ఒక చిన్న మాత్ర వ్రాసి యిత్తురు. దినమునకు ఒకటి చొప్పున ఐదు సంవత్సరములు వేసికొనుమని చెప్పుదురు. అప్పటికి గాయము మానియుండును. ఊడిన జుట్టు తిరిగి వచ్చుచుండును. ఇంటిలో అందరును తమ తమ పనులలో పడియుందురు. అట్టి సమయమున "వ్యాధి పోయినది గదా, ఇంక ఈ మాత్ర ఎందులకు?" అను ప్రశ్న సహజముగా పుట్టును. దానికి తృప్తికరమైన సమాధానము దొరకక, మాత్రవలన కలుగు చిన్నపెద్ద బాధలు ఎవరికిని చెప్పుకొనలేక, పలువురు స్త్రీలు దానిని నడుమనే మానివేయుచున్నారు. ఈ మాత్ర ఏమి చేయును, ఎందుకు ఇన్ని సంవత్సరములు వాడవలెను, బాధ కలిగినప్పుడు ఏమి చేయవలెను అను మూడు విషయములను తెలిసికొందము.

హార్మోనునకును ఈ వ్యాధికిని గల సంబంధము

1896లో స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుడు ఒక చిత్రమైన విషయమును ప్రకటించెను. ముదిరిన రొమ్ము క్యాన్సరు గల స్త్రీకి అండాశయములను తీసివేయగా రొమ్ములోని గడ్డ కరగినది. హార్మోను అను మాటయే పుట్టని కాలమది. అందుచేత కారణము తెలియలేదు. 1950ల చివరి భాగమున అమెరికాలోని షికాగోలో ఎల్వుడ్ జెన్‌సన్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధనలవలన ఆ కారణము బయటపడ సాగినది. అండాశయములలో పుట్టు ఈస్ట్రోజెన్ అను హార్మోనును పట్టుకొనుటకు కొన్ని కణములలో ప్రత్యేకమైన గ్రాహకములు కలవు. తాళమునకు తాళపుచెవి ఎట్లో, గ్రాహకమునకు ఈస్ట్రోజెన్ అట్లు. చెవి తాళములో తిరిగిన వెంటనే కణమునకు పెరుగుమని ఆజ్ఞ అందును.

రొమ్ము క్యాన్సరులలో సగమునకు మించినవి ఇట్టి గ్రాహకములు గలవియే. ముట్లుడిగిన స్త్రీలలో ఈ జాతి మరింత ఎక్కువ. గడ్డనుండి తీసిన ముక్కను పరీక్షించి, ఈ గ్రాహకములు కలవో లేవో చెప్పుదురు. పరీక్ష కాగితములో ఇ.ఆర్., పి.ఆర్. అను అక్షరముల కెదురుగా పాజిటివ్ అని వ్రాసియుండిన, హార్మోను మాత్ర పనిచేయుటకు అవకాశము కలదన్నమాట. రెండును నెగెటివ్ అయినచో ఈ మాత్రవలన ప్రయోజనము లేదు. కావున పొరుగింటి ఆమెకు మాత్ర ఇచ్చిరి, మాకు ఇయ్యలేదని గాని, ఆమెకు లేదు, మాకెందుకని గాని తలపరాదు. రోగము పేరు ఒకటే అయినను దాని జాతి వేరు.

ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ ఎక్కడిది?

అండాశయములు పని మానినవి గదా, ఇంక అడ్డుకొనుటకు ఏమున్నదని కొందరు అడుగుదురు. అసలైన కిటుకు ఇచ్చటనే యున్నది. మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులు పురుష హార్మోనుల జాతికి చెందిన పదార్థములను ముసలితనమునందును తయారుచేయుచునే యుండును. శరీరములోని కొవ్వు, కండరములు మున్నగు చోట్ల ఆరొమటేజ్ అను ఎంజైము కలదు. అది ఆ పదార్థములను ఈస్ట్రోజెనుగా మార్చును. పెద్ద అంగడి మూతబడినను, వీథి వీథిని చిల్లర దుకాణములు సరకు అమ్ముచునే యున్నట్లు, ముట్లుడిగిన స్త్రీ శరీరములో కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ పుట్టుచునే యుండును. మిగిలిపోయిన క్యాన్సరు కణములకు ఆ కొద్దియే చాలును.

రెండు విధముల మాత్రలు

మొదటి విధము టామాక్సిఫెన్. ఇది కణములోని తాళములో తాను దూరి, అసలు చెవి తిరుగకుండ అడ్డుపడును. ఇంగ్లండులో 1960లలో తయారైన ఈ మందును 1970లనుండి రొమ్ము క్యాన్సరునకు వాడుచున్నారు. ముట్లు ఉడిగినవారును, ఉడుగనివారును దీనిని వేసికొనవచ్చును.

రెండవ విధము ఆరొమటేజును పనిచేయనీయని మందులు. అనాస్ట్రజోల్ 1 మిల్లీగ్రాము, లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, ఎక్సెమెస్టేన్ 25 మిల్లీగ్రాములు అని మూడు రకములు కలవు. మూడును దినమునకు ఒక్క మాత్రయే. ఇవి తాళపుచెవి తయారగుటనే ఆపును. రక్తములోని ఈస్ట్రోజెన్ నూటికి తొంబది పాళ్లకు పైగా తగ్గిపోవును. ముట్లుడిగిన స్త్రీలకు నేడు వైద్యులు ఎక్కువగా వ్రాయునవి ఇవియే.

అండాశయములు పనిచేయుచున్న స్త్రీకి ఈ రెండవ విధపు మాత్రను ఒంటరిగా ఇచ్చిన లాభము లేదు. ఈస్ట్రోజెన్ తగ్గినదని మెదడు గ్రహించి అండాశయములను మరింత పురికొల్పును. సూదిమందుల చికిత్సలో కొందరికి ముట్లు తాత్కాలికముగా నిలిచి, కొన్ని నెలలకు తిరిగి వచ్చుట కలదు. కావున నలువది, ఏబది ఏండ్ల నడుమనున్నవారు "నాకు ముట్లు ఆగినవి" అని తమంత తాము నిర్ణయింపక, వైద్యునిచే నిశ్చయింపజేసికొనవలెను. మాత్ర వాడుచుండగా మరల ముట్టు కనబడినచో వెంటనే చెప్పవలెను.

మరియొక మాట. లెట్రోజోల్‌ను సంతానముకొరకు చికిత్స పొందు యువతులకు కూడ కొద్ది దినములు ఇచ్చుట కలదు. మందుల షాపులో ఎవరైన ఆ మాట అన్నచో ఇంటివారు కలవరపడ నక్కరలేదు. మందు ఒకటే, ప్రయోజనము వేరు.

ఐదేండ్లు ఎందుకు?

శస్త్రచికిత్స కంటికి కనబడు గడ్డను తీయును. కంటికిని, స్కానింగునకును అందని కణములు కొన్ని శరీరములో ఎక్కడనో మిగిలియుండవచ్చును. హార్మోనుపై పెరుగు క్యాన్సరు నిదానమైనది. తొందరపడదు, మరచిపోదు. ఐదేండ్లు హార్మోను చికిత్స పూర్తిచేసిన 62,923 మంది స్త్రీల వివరములను కూర్చి 2017లో ఒక పరిశోధనను ప్రచురించిరి. గడ్డ చిన్నదై, చంకలోని గ్రంథులకు ప్రాకనివారిలో కూడ, ఐదవ ఏటినుండి ఇరువదవ ఏటివరకు నూటికి సుమారు 13 మందికి వ్యాధి దూరపు అవయవములలో తిరిగి కనబడినది. ఇట్టి ఓపికగల శత్రువునకు ఓపికగల చికిత్సయే తగినది.

ఫలమెంత? అనేక పరిశోధనలను కలిపి 2011లో ప్రకటించిన లెక్క ప్రకారము, హార్మోను గ్రాహకములు గలవారిలో మాత్ర లేనివారు పదునైదేండ్లలో నూటికి సుమారు 33 మంది ఈ వ్యాధిచే మరణింపగా, ఐదేండ్లు టామాక్సిఫెన్ వాడినవారిలో 24 మంది మరణించిరి. ముట్లుడిగినవారిపై 2015లో వెలువడిన మరియొక లెక్కలో, పదేండ్లలో టామాక్సిఫెన్ వాడినవారిలో నూటికి 14 మంది, ఆరొమటేజును ఆపు మందు వాడినవారిలో 12 మంది మరణించిరి. అంకెలు చిన్నవిగా తోచవచ్చును. కాని ప్రతి అంకె వెనుక ఒక తల్లి, ఒక ఇల్లు ఉన్నవి.

ఇంత లాభము గల మందును అందరును పూర్తిగా వాడుచున్నారా? అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది స్త్రీలను గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, నాలుగున్నర ఏండ్లు తప్పక, సక్రమముగా వాడినవారు నూటికి 49 మంది మాత్రమే. చదువు, వైద్య సౌకర్యము గల దేశములోనే ఇట్లున్నది.

వ్యాపారస్థులకు ఇది సులభముగా బోధపడును. ఏ ఒక్క దినపు చిట్టా చూచినను లాభము కనబడదు. సంవత్సరాంతమున లెక్క కట్టినప్పుడే తెలియును. ఈ మాత్రయు అంతే. వేసికొన్న నాడు ఏమియు తోచదు. దాని పని ఐదేండ్ల లెక్కలో మాత్రమే కనబడును.

ఐదేండ్ల తరువాత ఇంకను వాడవలెనా అనునది గడ్డ స్వభావమునుబట్టి వైద్యుడు నిర్ణయించును. కొందరికి ఏడు, కొందరికి పదేండ్లు కూడ చెప్పుదురు. ఎక్కువకాలము వాడుటయే అందరికిని మేలు కాదు. ఆస్ట్రియా దేశపు వైద్యులు 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఐదేండ్ల చికిత్స తరువాత మరి రెండేండ్లు వాడినవారికిని, మరి ఐదేండ్లు వాడినవారికిని ఫలితము సమానముగానే యున్నది. ఎముకలు విరుగుట మాత్రము రెండవవారిలో ఎక్కువైనది.

కలుగు బాధలు – చేయవలసిన పనులు

ఆరొమటేజును ఆపు మందులతో ఎక్కువమంది చెప్పు బాధ కీళ్ల నొప్పులు. ఉదయము లేవగానే వ్రేళ్లు, మోకాళ్లు బిగిసియుండును. వయసువలన వచ్చినదని ఊరకుండరాదు, మందు పడలేదని మానివేయరాదు. కదలికయే మొదటి ఔషధము. ఇట్టి నొప్పులు గల 121 మంది స్త్రీలపై జరిగిన అమెరికా పరిశోధనలో, వారమునకు 150 నిమిషములు వేగముగా నడచుట మొదలగు వ్యాయామమును, వారమునకు రెండుసార్లు బరువులతో కండరములకు శ్రమను కల్పించినవారికి, ఏడాదిలో నొప్పి తీవ్రత సుమారు నూటికి 29 పాళ్లు తగ్గినది. అప్పటికిని తగ్గనిచో వైద్యుడు మూడు రకములలో ఒకదానికి బదులు మరియొకటి ఇచ్చును, లేదా టామాక్సిఫెనునకు మార్చును. ఒకటి పడనివారికి మరియొకటి పడుట తరచు జరుగును.

రెండవది ఎముకలు గుల్లబారుట. ఈ రెండు విధముల మందులను పోల్చిన పెద్ద పరిశోధన ఒకదానిలో, ఐదేండ్లకు పైగా గమనింపగా, అనాస్ట్రజోల్ వాడినవారిలో నూటికి 11 మందికి, టామాక్సిఫెన్ వాడినవారిలో 7.7 మందికి ఎముకలు విరిగినవి. కావున మాత్ర మొదలిడునప్పుడే డెక్సా అను ఎముకల పరీక్ష చేయించుకొని, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో మరల చేయించుకొనవలెను. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఆహారములో ఉండవలెను. కాల్షియము, విటమిన్ డి ఎంత అవసరమో వైద్యుడు చెప్పును. విటమిన్ డి గుళికలలో కొన్నింటి తొడుగు జంతువులనుండి తీసిన జెలటినుతో చేసినది. పొడిగాను, మాత్రగాను దొరకు రకములు కలవు గనుక అడిగి తీసికొనవచ్చును. ఎముకలు బాగుగా బలహీనమైనచో వేరు మందులు కలవు. వాటికి ముందు పండ్లను పరీక్ష చేయించుకొనుట మంచిది.

ఒంటికి వేడి ఆవిరులు వచ్చుట, నిద్ర చెడుట, యోనియందు తడి ఆరిపోయి మంట కలుగుట కూడ సామాన్యము. ఈ చివరి దానిని మన స్త్రీలు భర్తతో గాని, వైద్యునితో గాని చెప్పరు. చెప్పినచో హార్మోను లేని లేపనములతో ఉపశమనము కలుగును. ముట్లుడిగిన వారి ఇబ్బందులకని అమ్ము ఈస్ట్రోజెన్ మాత్రలను, ఏమి కలిపిరో తెలియని చూర్ణములను స్వయముగా వాడరాదు. ఒక చేత అడ్డుకట్ట వేసి, మరియొక చేత నీరు వదలినట్లగును.

టామాక్సిఫెన్ వాడువారు రెండు గుర్తులు మరువరాదు. ముట్లుడిగిన తరువాత ఏ కొద్ది రక్తము కనబడినను గర్భాశయ పరీక్ష చేయించుకొనవలెను. ఒక కాలు వాచి నొప్పి పెట్టినను, అకస్మాత్తుగా ఆయాసము వచ్చినను, రక్తము గడ్డకట్టెనేమోయని వెంటనే ఆసుపత్రికి పోవలెను. మనోవ్యాధులకిచ్చు పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ వంటి మందులు టామాక్సిఫెన్ బలమును తగ్గించును గనుక, వాడుచున్న మందులన్నియు వైద్యునికి చూపవలెను.

ఉపవాసములు, ప్రయాణములు

రాత్రి ఆహారపానీయములు విడిచిన స్త్రీలకు ఈ మాత్రవలన చిక్కు లేదు. దినమున ఏ వేళనైనను, ప్రతిదినము ఒకే వేళకు వేసికొనిన చాలును. అనాస్ట్రజోల్, లెట్రోజోల్ భోజనమునకు ముందైనను, తరువాతనైనను సరియే. ఎక్సెమెస్టేన్ మాత్రము భోజనము తరువాత వేసికొనవలెను. ఏకాశనము చేయువారు ఆ ఒక్క భోజనముతో దానిని ముడిపెట్టుకొనవచ్చును. పర్యూషణ, దశలక్షణ పర్వములలో పలు దినముల ఉపవాసము తలపెట్టువారు ప్రత్యాఖ్యానము గ్రహించుటకు ముందే వైద్యునితోను, గురువులతోను ఈ చికిత్స సంగతి చెప్పవలెను. వ్రతము మొదలైన తరువాత ఇంటివారు తికమకపడుట కంటె ఇది మేలు.

ఒకనాడు మరచినచో కంగారు వలదు. మందు ప్రభావము కొన్ని దినములు శరీరములో నిలుచును. మరునాడు యథాప్రకారము ఒక్కటే వేసికొనవలెను, రెండు కలుపరాదు. కొలనుపాకకో, శ్రవణబెళగొళకో, పాలితానాకో యాత్ర వెళ్లునప్పుడును, పెండ్లిండ్లకు పోవునప్పుడును తగినన్ని మాత్రలు ముందే మూటలో పెట్టుకొనవలెను.

ఇంటివారి బాధ్యత

మన కుటుంబములలో మందులు తెచ్చువారు తరచుగా కొడుకో, భర్తయో. నెలకొకసారి అట్ట తెచ్చి ఇచ్చుటతో తమ పని తీరినదనుకొందురు. ఇల్లాలు తన ఖర్చు తగ్గింపవలెనని, ఇంటివారిని శ్రమపెట్టరాదని మాట చెప్పకయే మాత్ర మానుట కలదు. పోయిన నెల అట్ట ఇంకను నిండుగా ఉన్నదేమో చూచుట, "నొప్పులెట్లున్నవి?" అని అడుగుట, పరీక్ష దినమున వెంట పోవుట, ఇవియు చికిత్సలో భాగమే. ఈ మందులు పేరుగల కంపెనీలవియే గాక, తక్కువ ధరగల జెనరిక్ రకములుగా కూడ మన దేశమున దొరకుచున్నవి. ధర భారమైనచో ఆ మాట వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడ నక్కరలేదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఇ.ఆర్., పి.ఆర్. పరీక్ష ఫలితమును తెలిసికొని, ఆ కాగితము భద్రపరచవలెను.
2. మాత్ర మొదలిడిన తేదీని, ముగియు సంవత్సరమును గోడ క్యాలెండరుపై వ్రాసికొనవలెను.
3. బాధ కలిగిన వైద్యునికి చెప్పవలెను. చెప్పకుండ మానరాదు.
4. ఎముకల పరీక్ష, రెండవ రొమ్ముతో సహా మామోగ్రాము వైద్యుడు చెప్పిన గడువులకు చేయించుకొనవలెను.
5. దినమునకొక అరగంటయైనను నడువవలెను.

శస్త్రచికిత్సనాటి ధైర్యము అందరును చూతురు. ఐదేండ్లు, అనగా పదునెనిమిది వందల పైచిలుకు దినములు, ఒక చిన్న మాత్రను మరువక వేసికొను ధైర్యము ఎవరికిని కనబడదు. ఆ ధైర్యమునకు ఇంటివారందరును తోడుండవలెను.