ఏ గది కట్టాలి?

మా ఇంట్లో ఇప్పుడు ఏడుగురం: అవ్వ, నాయన, అమ్మ, అన్న, వదిన, తమ్ముడు, నేను. ఆడి నెలకు ఎనిమిదో ప్రాణం వస్తుంది. ఉన్నవి మూడు గదులు, అందులో ఒకటి మగ్గానిది. ఇంకో గది కావాలని పోయిన దీపావళికే అందరూ ఒప్పుకున్నారు. ఎక్కడ అన్న దగ్గరే రెండు నెలలు పోయాయి. గుడియాత్తం నుండి వేలూరుకు రోజూ బస్సులో వచ్చే నేను ఆ లెక్కలన్నీ నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. మీ ఇళ్లలో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది కదా, అందుకని నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నా.

అన్న మొదట "మాడి మీద వేద్దాం" అన్నాడు. (ఇంట్లో మాకు మాడి అనే మాటే వస్తుంది. మేడ అని రాసేది క్లాసులోనే. ద్వారబంధాన్ని మేస్త్రీ వాసక్కాలు అంటాడు, నాయన మాత్రం ద్వారబంధమనే అంటాడు. ఇద్దరికీ పని జరిగిపోతుంది.) నడి గది మీద పాతకాలపు మిద్దె ఉంది. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టింది. పైన 10 అడుగులకు 12 అడుగుల గది వేసేయొచ్చని మేస్త్రీ చెప్పాడు. చూడ్డానికి గట్టిగానే ఉంది.

అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది, "దేని మీద నిలబెడతార్రా దాన్ని?" అని.

ఆ ప్రశ్నకు జవాబు కోసం వేలూరులో పనిచేసే ఒక ఇంజనీరన్నను పిలిచాం. ఆయన గోడ మీది గార కొంచెం చెక్కి చూపించాడు. లోపల ఇటుకల మధ్య ఉన్నది ఎర్రమన్ను, సున్నం కూడా కాదు. గోడ పక్కన తవ్వితే రాతి పునాది రెండడుగులకే ఆగిపోయింది. తర్వాత బరువు లెక్క వేయించాడు. 120 చదరపు అడుగుల కాంక్రీటు పైకప్పు ఐదంగుళాల మందం వేస్తే దాదాపు మూడున్నర టన్నులు. తొమ్మిదంగుళాల గోడకు ఒక చదరపు అడుక్కి సుమారు పది ఇటుకలు పడతాయి. తలుపు, కిటికీ తీసేసినా నాలుగు వేల ఇటుకలు, ఒక్కోటి మూడు కిలోలనుకున్నా 12 టన్నులు. సిమెంటు, ఇసుక, మనుషులు, మంచాలు ఇంకా లెక్కలో రాలేదు. ఇదంతా మన్నుతో కట్టిన గోడ మొయ్యాలి.

2021 నవంబర్ 19న మన పక్క పేర్నంబట్టులో వానలకు ఇంటి గోడ కూలి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు. ఆ నెలలోనే మోర్ధానా నిండి కౌండిన్య నది మా ఊళ్లో కూడా పొంగింది. మన్ను గోడ ఎండాకాలంలో ఎంత గట్టిగా కనిపించినా తడిసినప్పుడు దాని బలం వేరు. ఇంజనీరన్న ఈ మాట చెప్తుంటే అన్న ఏమీ మాట్లాడలేదు. మాడి మాట ఆ రోజుతో పోయింది.

ఇక మిగిలింది వెనక దొడ్డి. అక్కడ వదినకూ బిడ్డకూ గది కట్టాలని అమ్మ అంది. నాకూ అదే సరి అనిపించింది. కానీ ఆ వారం నేనొక పని చేశాను. రాత్రి ఎవరు ఎన్నిసార్లు లేస్తారు, ఎటు నడుస్తారు అని రాశాను. అవ్వ రెండుసార్లు స్నానాలగదికి పోతుంది. బిడ్డ పుట్టాక వదిన ఎన్నిసార్లు లేవాలో చెప్పలేం. వేన్నీళ్లకు వంటింటికి రావాలి, సాయానికి అమ్మను లేపాలి. దొడ్డి గదిలో ఉంటే చీకట్లో, వానలో దొడ్డి దాటి రావాలి. బాలింతను ఇంటికి దూరంగా పెట్టి, రాత్రిపూట ఎవరూ ఉండని మగ్గాన్ని వంటింటి పక్కన, ఇంటి నడుమ పెట్టుకున్నాం!

అంటే కట్టవలసింది పడక గది కాదు, మగ్గం గది.

నాయనకు ఈ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మాది గుంట మగ్గం, లుంగీలు నేస్తాం. మగ్గం ఆగితే ఆ వారం కూలి ఆగుతుంది. అందుకే వరస మార్చాం. ముందు దొడ్డి గది పూర్తి కావాలి, తర్వాతే మగ్గం కదలాలి. కొత్త గదికి నాలుగు పిల్లర్లు, సొంత పునాది. పాత గోడకు దాన్ని కలిపి కట్టలేదు, మధ్య సందు వదిలాం. కొత్త పునాది కొంచెమైనా దిగుతుంది, కలిపి కడితే పాత గోడను చీలుస్తుంది. ఆ సందులోకి వాన దిగకుండా పైన రేకు మూత. గుంటను గోడకు ఆనించి తవ్వకూడదన్నది కూడా ముందే గీసుకున్నాం.

వెలుతురు సంగతి వేరే చెప్పాలి. పొడి వేడి ఉన్న చోట్ల కిటికీలు నేల కొలతలో పదో వంతైనా ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తుంది. ఆ లెక్కన మాకు 12 చదరపు అడుగులు చాలు. నేసేవాళ్లకు అది ఏ మూలకు? తెగిన పోగు కనిపించాలి. ఉత్తరం గోడకు నాలుగడుగుల కిటికీలు రెండు పెట్టించాం, మొత్తం 32. ఉత్తరం వెలుతురులో ఎండ నేరుగా కళ్లలో పడేది తక్కువ. మన వేలూరు ఎండలో అది చిన్న విషయం కాదు.

అనుమతి సంగతి మాత్రం పక్కింటివాళ్ల మాట నమ్మకండి. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 లోపు ఇల్లు కట్టుకునేవాళ్లకు స్వీయ ధృవీకరణ పద్ధతి ఉంది. మాది పాత ఇంటికి అతుకు కాబట్టి పట్టా, గీసిన ప్లాను తీసుకుని మునిసిపాలిటీలో అడిగాకే ముగ్గు పోశాం.

పొంగల్ పోయాక పని మొదలైంది. పైకప్పు వేసి పది రోజులైంది, తమ్ముడు రెండు పూటలా నీళ్లు కడుతున్నాడు. నాయన కొత్త గుంట తవ్వించి, దాని అంచు మీద కూర్చుని కాళ్లు వేలాడేసి చూశాడు. అరంగుళం లోతు తక్కువన్నాడు.

పాత గుంటను ఇంకా పూడ్చలేదు. ఒక్కసారిగా మన్ను పోస్తే నేల కుంగుతుందట, జానెడు జానెడు పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. అవ్వ నలభై ఏళ్లు కాళ్లు పెట్టిన గుంట అది. మొదటి తట్ట తానే పోస్తానంది. ఆదివారం అనుకున్నాం.