కృష్ణానదిలోని నాటు చేపలు: వాని ఉనికిపట్టులు

కృష్ణా డెల్టా రైతులకు ఏటి నీరు పంటకు ఆధారము, ఏటి చేప ఆహారమునకు ఆధారము. అయితే చేప ఏటిలో అన్నిచోట్లను ఒక్క తీరున నుండదు. నీటి వడి, లోతు, వేడిమి, ఉప్పదనము మారినకొలది చేపజాతులును మారుచుండును. పెక్కుజాతులకు నదియొక్క ఒక్క భాగము చాలదు. గ్రుడ్లు పెట్టుటకొకచోటు, పెరుగుటకు వేరొకచోటు కావలయును. ఈ సంగతి నెరిగిన రైతు తన పొలమువలన చేపకు కలుగు హానిని సులభముగ తప్పింపగలడు.

1. కొండ భాగము: కృష్ణ పడమటి కనుమలలో మహాబలేశ్వరమునొద్ద సుమారు 4,400 అడుగుల యెత్తున పుట్టి, సుమారు 870 మైళ్లు ప్రవహించి సముద్రమును చేరును. కొండవాగులలో నీరు వడిగా పారును. రాళ్లను నోటితో కరచుకొని నిలువగల చిన్నచేపలును, ఏటికెదురీదు మహసీరును అచ్చట నుండును. దక్కను మహసీరును 1839లో సైక్సు అను నాంగ్లేయుడు పూనా సమీపమున మూళా-ముఠా నదినుండి వర్ణించెను. ఆ నీరు భీమానది ద్వారా కృష్ణనే చేరును.

2. నడిమి భాగము: భీమ, తుంగభద్ర కలిసిన పిమ్మట నది నల్లమలను చీల్చుకొని పారును. వాలుగ, జెల్ల మొదలగు చేపలకు లోతైన మడుగులే వేసవిలో ఆశ్రయము. నాగార్జునసాగరము 1967లోను, శ్రీశైలము 1980వ దశాబ్దమునను నీరు నిలుపగా, వడినీటి తావులు పెక్కు నిలువనీటి జలాశయములయ్యెను.

3. డెల్టా భాగము: విజయవాడ దాటినపిదప నేల చదునగును. కాలువలు, మురుగుకోడులు, చెరువులు కొరమీను, మార్పు, ఇంగిలాయి, మట్టగిడసలకు నివాసములు. ఇవి పైగాలిని పీల్చగలవు గనుక బురదనీటియందును బ్రతుకును.

4. సముద్రపు మొగ: పులిగడ్డయొద్ద నది పాయలుగా చీలి దివిసీమను చుట్టి, హంసలదీవి ప్రాంతమున సముద్రమున కలియును. ఈ చప్పనీరు, ఉప్పునీరు కలియు తావున పండుగప్ప, కత్తిపరిగె విస్తారముగ నుండును. పండుగప్ప మొగలోని ఉప్పునీట గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు చప్పనీటికి ఎక్కివచ్చి పెరుగును. మలుగుపాము సముద్రమున పుట్టి నదిలో పెరుగును. పొలస యిందుకు భిన్నముగ సముద్రమున పెరిగి, గ్రుడ్లకై వరదకాలమున నదికెక్కును.

5. అడ్డుకట్టలు: 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైనప్పటినుండి పొలస పైకెక్కుట దుర్లభమయ్యెను. 1957లో ప్రకాశము బ్యారేజి ఆ స్థానమున వెలసెను. ఇట్టి కట్టడములవలన పంటభూమి పెరిగెను, చేపలదారి తెగెను. ఎండకాలమున నదినుండి సముద్రమునకు మంచినీరు పోవుట తగ్గగా ఉప్పునీరు ఎగదట్టుచుండును. ఇందువలన మొగలోని చేపకే గాక దివిసీమ పొలములకును నష్టమే.

6. రైతులు చేయదగినవి:

(అ) తొలకరి వరదలో తల్లిచేపలు కాలువలనుండి పొలములలోనికెక్కును. ఆ కొలది దినములు గండ్లయొద్ద మావులు పెట్టి దారి మూయరాదు.

(ఆ) పురుగుమందు చల్లిన మడినీటిని వెంటనే మురుగుకోడులోనికి విడువరాదు. ఆ విషము దిగువ పొలములకును, మొగకును చేరును.

(ఇ) వేసవిలో కాలువలు కట్టినప్పుడు నీరు నిలిచిన గుంటలలో విషము కలిపి చేపలు పట్టరాదు. మరుసటి యేటి విత్తనము ఆ గుంటలయందే యున్నది.

(ఈ) 1952లో దేశమునకు తేబడిన తిలాపియా, 2000లో ప్రభుత్వము పెంపకమును నిషేధించిన ఆఫ్రికా మార్పు, గాజుతొట్లకై తెచ్చిన రాకాసిచేప నదిలో బడిన తిరిగి తీయుట కష్టము. నిషిద్ధ జాతులను పెంచరాదు. వరదకు మునుపే చెరువుగట్లు ఎత్తించి, తూములకు సన్నని వల బిగింపవలయును.

ఎగువ వాగు, డెల్టా కాలువ, సముద్రపు మొగ యన్నియు చేపకు ఒకే యిల్లు. అందొక గది పాడైన తక్కినవియు క్షీణించును. తన పొలము గట్టునొద్ద ఆ యింటి వాకిలిని కాపాడుట ప్రతిరైతు చేతిలోని పని.